పిల్లల బొమ్మ వాద్యంగా మారేది ఎలా: సర్క్యూట్ బెండింగ్ వెనుక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: బ్యాటరీతో నడిచే పాత బొమ్మల సర్క్యూట్లలో చిన్న చిన్న మార్పులు చేసి, తయారీదారు ఊహించని ధ్వనులు పలికించడాన్ని సర్క్యూట్ బెండింగ్, అంటే సర్క్యూట్‌ను వంచడం అంటారు. ఆ ధ్వనులు గాలివాటంగా పుట్టినట్టు వినిపిస్తాయి గానీ, వాటి వెనుక బొమ్మలోని క్లాక్, మెమరీ పనిచేసే తీరు ఉంది. 1970ల చివరి నుంచి 1990ల దాకా వచ్చిన బొమ్మలు ఈ పనికి బాగా లొంగేవి. తర్వాతి బొమ్మల నిర్మాణం మారడంతో ఈ కళ కూడా దారి మార్చుకుంటోంది.

మాట్లాడే బొమ్మ వెనుక మూత విప్పి, బోర్డు మీద రెండు టంకపు చుక్కలను చిన్న తీగముక్కతో కలిపితే, అంతవరకు ఇంగ్లిష్ అక్షరాలను స్పష్టంగా పలికిన గొంతు ఒక్కసారిగా తడబడుతుంది. నత్తి, బుస, ఎంతకీ ఆగని మూలుగు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తీగ తీసేస్తే బొమ్మ చాలాసార్లు మళ్లీ మామూలుగా పలుకుతుంది. ఇలాంటి వీడియోలు చూసినవారికి సహజంగా కలిగే సందేహాలు రెండు. ఇది బొమ్మను పాడుచేయడమా, వాద్యం తయారుచేయడమా అన్నది ఒకటి. ఎలక్ట్రానిక్స్ చదవనివారు తోచినచోట తీగలు కలిపితే వినదగిన శబ్దం ఎలా వస్తుందన్నది రెండోది. రెండో ప్రశ్నకు సమాధానం తెలిస్తే మొదటిది దానంతటదే తేలిపోతుంది కాబట్టి, ముందుగా బొమ్మ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

సొరుగులో మొదలైన ప్రయోగం

ఈ పనికి పేరు పెట్టినవారు అమెరికాలోని సిన్సినాటికి చెందిన రీడ్ ఘజాలా. 1960ల రెండో సగంలో, ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు, వెనుక మూత లేని ఒక చిన్న బ్యాటరీ యాంప్లిఫయర్ బల్ల సొరుగులో పడి ఉండగా దాని బోర్డు ఇనుముకు తగిలి షార్ట్ అయింది. యాంప్లిఫయర్ కాలిపోవడానికి బదులు, అప్పట్లో ఖరీదైన సింథసైజర్లకే (విద్యుత్‌తో ధ్వనులు పుట్టించే వాద్యాలకే) సాధ్యమనుకున్న ధ్వనులు చేసింది. ఆ ప్రమాదాన్నే ఆయన పద్ధతిగా మార్చుకున్నారు. 1992లో ప్రయోగాత్మక వాద్యాలకు అంకితమైన ఒక పత్రికలో రాస్తూ దానికి సర్క్యూట్ బెండింగ్ అన్న పేరు స్థిరపరిచారు. సిద్ధాంతం తెలియాల్సిన పని లేదని, చెవి ఉంటే చాలని ఆయన మొదటి నుంచీ వాదిస్తూ వచ్చారు. ఆ మాట సగమే నిజం. వినడానికి సిద్ధాంతం అక్కర్లేదు గానీ, వినిపించినదాన్ని మళ్లీ మళ్లీ రప్పించడానికి ఎంతోకొంత కావాలి.

ఇంటి వాడకపు ఎలక్ట్రానిక్ వస్తువులను కళకు వాడుకోవడం ఘజాలాతో మొదలైంది కాదు. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1951లో 12 రేడియోలను 24 మంది చేత వాయింపజేశారు. ఒక్కో రేడియో దగ్గర ఒకరు స్టేషన్లు మారుస్తుంటే మరొకరు వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూ ఉండేవారు. 1963లో జర్మనీలోని వుపర్టాల్‌లో కళాకారుడు నామ్ జూన్ పైక్ ప్రదర్శించిన టీవీలలో, మైకులో పలికే శబ్దానికి తెర మీది గీతలు కదిలేవి. చూడడానికి వచ్చినవారే ఆ చిత్రాన్ని గీసినట్టు లెక్క. ఈ కోవలో మన దేశానికీ ఒక చోటు ఉంది. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పారు. అయితే అలాంటి సాధనం ఒక సంస్థకు తప్ప వ్యక్తికి అందేది కాదు. బొమ్మలు ఆ దూరాన్ని తగ్గించాయి. సింథసైజర్ కొనలేని ఇంట్లో కూడా శబ్దం చేసే చిప్ ఒకటి పిల్లవాడి చేతిలో ఉండే రోజులు వచ్చాయి.

క్లాక్: శ్రుతి, వేగం ఒకే చోట

చవక బొమ్మలోని చిప్ ఒక క్లాక్ ప్రకారం నడుస్తుంది. ప్రతి టిక్కుకూ అది ఒక అడుగు ముందుకు వేసి, మెమరీలో దాచిన శబ్దం తాలూకు తర్వాతి ముక్కను స్పీకర్‌కు పంపుతుంది. వాచీలో, కంప్యూటర్‌లో క్లాక్ కచ్చితంగా ఉండాలి కాబట్టి క్రిస్టల్ వాడతారు. బొమ్మకు అంత కచ్చితత్వం అక్కర్లేదు. కాబట్టి ఖర్చు తగ్గించుకోవడానికి ఒక రెసిస్టర్ (విద్యుత్‌ను నిరోధించే భాగం), ఒక కెపాసిటర్ (ఛార్జిని నిలవచేసే భాగం)తో సరిపెట్టేవారు. చాలా బొమ్మల్లో కెపాసిటర్ చిప్ లోపలే ఉండి, రెసిస్టర్ మాత్రం బోర్డు మీద బయటికి కనిపించేది. కొన్ని పైసల ఆదా కోసం బయట ఉంచిన ఆ చిన్న భాగమే సర్క్యూట్ బెండింగ్‌కు ప్రధాన ద్వారమైంది.

ఇలాంటి క్లాక్ వేగం రెసిస్టర్ విలువకు విలోమంగా మారుతుంది. ఉదాహరణకు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ తీసి 200 కిలోఓమ్‌లది పెడితే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. శబ్దపు పౌనఃపున్యం సగమైందంటే, సంగీత పరిభాషలో శ్రుతి సరిగ్గా ఒక స్థాయి దిగినట్టే. మధ్యస్థాయి షడ్జమం మంద్రస్థాయి షడ్జమం అవుతుంది. రెసిస్టర్‌కు బదులు, రేడియోలో వాల్యూమ్ తిప్పే పాట్ లాంటిది పెడితే, మీట తిప్పుతున్నకొద్దీ స్వరం తెగకుండా జారుతుంది. తీగ మీద వేలు జార్చి వేసే జారుకు ఇది దూరపు చుట్టం.

అయితే ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. క్లాక్ నెమ్మదిస్తే శ్రుతితో పాటు లయ కూడా నెమ్మదిస్తుంది. రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. సెల్స్ అయిపోవస్తున్న టేప్ రికార్డర్‌లో పాట గొంతు బొంగురుపోతూ సాగిపోయేది గుర్తున్నవారికి ఈ బంధం వెంటనే అర్థమవుతుంది. బాగా నెమ్మదించినప్పుడు, మామూలు వేగంలో చెవికి అందని పొరలు బయటపడతాయి. కోడిపిల్ల కూత అనుకున్నది నిజానికి మెట్లుమెట్లుగా ఎగబాకే స్వరమని తెలుస్తుంది. మరీ వేగం పెంచితే మాత్రం చిప్ అడుగులు తప్పి నిలిచిపోతుంది. అప్పుడు సెల్స్ తీసి మళ్లీ పెట్టడం తప్ప దారి ఉండదు.

మెమరీ: పొరపాటున చదివిన మాట

శ్రుతి మార్చడం ఇందులో సులువైన భాగం. పేరు తెచ్చిన వింత ధ్వనులు మాత్రం మెమరీకి, శబ్దం చేసే చిప్‌కు మధ్య ఉన్న తీగలను కలపడం వల్ల వచ్చాయి. దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1978లో విడుదల చేసిన స్పీక్ అండ్ స్పెల్. పిల్లలకు ఇంగ్లిష్ స్పెల్లింగులు నేర్పే ఈ ఎర్రటి బొమ్మలో, మనిషి గొంతును ఒకే చిప్‌తో పుట్టించారు. అంతవరకు మాట్లాడే బొమ్మలు లోపల చిన్న రికార్డులనో టేపులనో తిప్పుతూ మాట్లాడేవి.

ఆనాటి మెమరీ ధర దృష్ట్యా మాటలను ఉన్నవి ఉన్నట్టు దాచడం అసాధ్యం. టెలిఫోన్ నాణ్యతలో మనిషి మాటను డిజిటల్‌గా దాచాలంటే సెకనుకు 64,000 బిట్లు, అంటే అన్ని సున్నాలు, ఒకట్లు కావాలి. బొమ్మలో ఉన్నవి ఒక్కొక్కటి 128 కిలోబిట్ల మెమరీ చిప్‌లు రెండు. ఆ లెక్కన మొత్తం బొమ్మ నాలుగు సెకన్లకు మించి మాట్లాడలేదు. అందుకే ఇంజినీర్లు గొంతును దాచకుండా, గొంతు ఏ ఆకారంలో ఉండాలో చెప్పే సూచనలు మాత్రమే దాచారు. మనిషి మాటలో కంఠం నుంచి వచ్చే మోత ఒకటి, దాన్ని నోరు, నాలుక, పెదవులు మలిచే తీరు మరొకటి. చిప్ కూడా అలాగే ఒక మోతనో బుసనో పుట్టించి, దాన్ని పది అంకెల ప్రకారం మలుస్తుంది. ఆ అంకెల జట్టు సుమారు 25 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు 40 సార్లు మారుతుంది. ఒక్కో జట్టును ఫ్రేమ్ అంటారు.

అసలు కిటుకు ఫ్రేమ్ నిర్మాణంలో ఉంది. మొదటి నాలుగు బిట్లు శబ్దం ఎంత గట్టిగా ఉండాలో చెబుతాయి. అవి నాలుగూ సున్నాలైతే నిశ్శబ్దం అని అర్థం. ఫ్రేమ్ అక్కడితో సరి. నాలుగూ ఒకట్లైతే మాట పూర్తయింది, ఆగిపో అని అర్థం. మధ్యలో ఏ విలువ ఉన్నా, తర్వాతి బిట్టు పాత ఆకారాన్నే కొనసాగించాలా అని అడుగుతుంది. అవునంటే, శ్రుతి తెలిపే ఐదు బిట్లతో కలిపి ఫ్రేమ్ పది బిట్లకే ముగుస్తుంది. కాదంటే, బుస లాంటి హల్లుకు 28 బిట్లు, మోత ఉన్న అచ్చుకు పూర్తిగా 49 బిట్లు పడతాయి. ఇలా ఫ్రేముల పొడవు ఒకేలా ఉండదు. ఒకటి ఎక్కడ ముగిసిందో తెలిస్తేనే తర్వాతిది ఎక్కడ మొదలయ్యేదీ తెలుస్తుంది. పదాల మధ్య ఖాళీ విడవకుండా తాటాకు మీద రాసిన పాఠాన్ని చదవడం లాంటిదే ఇది. ఒక్కచోట పదం తప్పుగా విరిచారంటే ఆ తర్వాతి పదాలన్నీ తప్పుగానే విరుగుతాయి.

ఇప్పుడు తీగముక్క ఏం చేస్తుందో ఊహించవచ్చు. బిట్లు ప్రయాణించే తీగలను కలిపితే కొన్ని సున్నాలు ఒకట్లవుతాయి, కొన్ని ఒకట్లు సున్నాలవుతాయి. అచ్చు అని ఉన్నచోట బుస అని చదివిన చిప్, 49 బిట్లకు బదులు 28 దగ్గరే ఆగి, మిగిలిన 21 బిట్లను తర్వాతి ఫ్రేమ్‌గా లెక్కవేస్తుంది. నోటి ఆకారం చెప్పాల్సిన అంకె గట్టిదనం అవుతుంది, గట్టిదనం శ్రుతి అవుతుంది. ఆగిపో అన్న నాలుగు ఒకట్లు సరైన చోట ఎదురుపడకపోతే, చిప్ ఆ పదం దాటి మెమరీలో పక్కనున్న పదంలోకి నడిచిపోతుంది. ఎంతకీ ఆగని ఆ మూలుగులో అక్కడక్కడ తెలిసిన పదాల తునకలు దొర్లడానికి కారణం అదే. పొరపాటున నాలుగు ఒకట్లు తగిలితే శబ్దం హఠాత్తుగా తెగిపోతుంది.

మొత్తం ప్రక్రియలో చిప్ ఎక్కడా చెడిపోలేదన్నది గమనించాల్సిన విషయం. తనకు నేర్పిన వ్యాకరణం ప్రకారమే అది చదువుతోంది, చదివే పాఠమే మారింది. ఏ అంకెలు ఇచ్చినా అది మనిషి కంఠం, నోటి నమూనాలోనే శబ్దం చేయగలదు కాబట్టి, అర్థం లేని బిట్లు కూడా ఎవరో తెలియని భాషలో మాట్లాడుతున్నట్టు వినిపిస్తాయి. వంచిన కాల్‌క్యులేటర్‌లో రాని ప్రాణం వంచిన మాటల బొమ్మలో రావడానికి మూలం ఇక్కడ ఉంది. బొమ్మను పాడుచేయడమా అన్న మొదటి ప్రశ్నకు సమాధానం కూడా ఇదే. తీగ కలిపినచోట ఒక స్విచ్ పెడితే, పాత పలుకు, కొత్త పలుకు రెండూ అదే బొమ్మలో ఉంటాయి. ఘజాలా ఈ కోవకు చెందిన బొమ్మలను స్విచ్‌లతో, మీటలతో తీర్చిదిద్ది ఇన్‌కాంటర్ అనే వాద్యంగా రూపొందించారు.

శబ్దాన్ని నేరుగా నమూనాలుగా దాచే కీబోర్డులు ఇంకో రకం. 1980ల మధ్యలో వచ్చిన క్యాసియో ఎస్‌కే-1లో 32 చిన్న మెట్లు, సుమారు 1.4 సెకన్ల శబ్దాన్ని 8 బిట్లలో దాచుకునే మెమరీ ఉండేవి. దాని డేటా తీగలను కలిపితే కంఠధ్వని రాదు గానీ, ప్రతి వాద్యపు స్వరమూ గరగరలాడే కొత్త రూపం తీసుకుంటుంది.

చర్మం కూడా ఒక విడిభాగమే

వంచిన బొమ్మల మీద తరచూ కనిపించే ఇత్తడి బొత్తాలు అలంకారానికి పెట్టినవి కావు. మనిషి చర్మానికి విద్యుత్ నిరోధం ఉంటుంది. పొడి వేళ్లకు ఎక్కువ, చెమట పట్టినా తడి తగిలినా బాగా తక్కువ. క్లాక్ రెసిస్టర్ రెండు కొనల నుంచి తీగలు లాగి రెండు లోహపు బొత్తాలకు కలిపితే, వాటి మీద వేళ్లు ఆనించిన మనిషి ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా మరో రెసిస్టర్ అవుతాడు. గట్టిగా నొక్కితే స్వరం లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. ఇద్దరు చెరో బొత్తాం పట్టుకుని రెండో చేతులు కలుపుకుంటే, ఆ స్పర్శే స్వరాన్ని నిర్ణయిస్తుంది.

నెదర్లాండ్స్‌కు చెందిన మిషెల్ వైస్‌విస్ 1970లలో రూపొందించిన క్రాకిల్ బాక్స్ పూర్తిగా ఈ సూత్రం మీదే నడిచింది. దానిలో మెట్లు, మీటలు లేవు. వేళ్లు ఆనించడానికి కొన్ని రేకులు మాత్రమే ఉండేవి. వాయించేవారి చేయే సర్క్యూట్‌లో తప్పిపోయిన భాగం. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ రూపొందించగా 2012లో జనంలోకి వచ్చిన మేకీ మేకీ అనే చిన్న బోర్డు అదే ఆలోచనను కంప్యూటర్‌కు తగిలించింది. ఆ బోర్డులో ఒక్కో మీటకు 22 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దానితో పోలిస్తే అరటిపండు, నీళ్ల గ్లాసు, మనిషి చేయి అన్నీ మంచి వాహకాలే. అందువల్ల అరటిపండును తాకితే కంప్యూటర్‌కు కీ నొక్కినట్టు తెలుస్తుంది. తరగతి గదుల్లో, ప్రదర్శనశాలల్లో ఎక్కే మెట్లను, కుండీలను, గోడ మీది పెన్సిల్ గీతలను వాద్యాలుగా మార్చిన ప్రదర్శనలకు ఇది ఆధారమైంది.

నల్లటి చుక్క కింద మూసుకున్న దారి

ఇంత సులువైన పని ఇప్పుడెందుకు కష్టమవుతోంది? ఏదైనా కొత్త చవక బొమ్మను విప్పి చూస్తే సమాధానం కనిపిస్తుంది. బోర్డు నడుమ ఎండిన తారుచుక్కలా ఒక నల్లటి ఎపాక్సీ బొట్టు ఉంటుంది. చిప్‌ను కాళ్లున్న ప్యాకేజీలో పెట్టకుండా నేరుగా బోర్డుకు అతికించి, సన్నని తీగలు కలిపి, పైన జిగురు పోసి మూసేస్తారు. స్పీక్ అండ్ స్పెల్‌లో మెమరీ, మాటల చిప్, మీటలు చూసుకునే చిప్ విడివిడిగా ఉండి, వాటి మధ్య బిట్లు బోర్డు మీది రాగి దారుల్లో బయటికే నడిచేవి. ఇప్పుడు అవన్నీ ఆ బొట్టు కింద ఒకే చిప్‌లో ఉంటాయి. బయటికి వచ్చేవి స్పీకర్‌కు, బొత్తాలకు, సెల్స్‌కు వెళ్లే దారులు మాత్రమే. అనేక రకాల్లో క్లాక్ రెసిస్టర్ కూడా లోపలికి వెళ్లిపోయింది. కలపడానికి తీగ ఉన్నా, కలపాల్సిన చోటు చేతికి అందదు.

దీని ఫలితం పాత బొమ్మల మీద పడింది. ఒకప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో నామమాత్రపు ధరకు దొరికిన స్పీక్ అండ్ స్పెల్, ఎస్‌కే-1 ఇప్పుడు సేకరణ వస్తువులయ్యాయి. వాటిని కోసి తీగలు కలపడం సేకర్తలకు నచ్చని పని. తప్పు జరిగితే పోయేది మళ్లీ తయారుకాని చిప్. తోచినచోట కలిపి చూడు అన్న తొలి సూత్రం నిలవాలంటే పోయినా ఫర్వాలేదనిపించే బొమ్మలు కావాలి. చెవి చాలన్న ఘజాలా మాట ఆయన కాలపు బొమ్మల చవకదనం మీద ఆధారపడిన మాట.

ప్రమాదం ఎక్కడ ఉంది

ఈ పని సెల్స్‌తో నడిచే వస్తువులకే పరిమితం. గోడ ప్లగ్గులో పెట్టే 230 వోల్టుల వస్తువును విప్పి బోర్డు మీద వేలు పెట్టడం ప్రాణాంతకం. ప్లగ్గు తీసినా ఛార్జర్లలోని పెద్ద కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటుంది. ఫ్లాష్ ఉన్న పాత కెమెరా ఒక్క చిన్న సెల్‌తో నడిచినా, ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉండవచ్చు కాబట్టి దాన్ని బొమ్మగా లెక్కించకూడదు. బొమ్మకు జరిగే నష్టంలో అధికభాగం విద్యుత్ సరఫరా తీగలను మరో తీగతో కలపడం వల్లే వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు ముందుగా సెల్స్ నుంచి వచ్చే రెండు దారులనూ గుర్తించి వాటి జోలికి పోరు.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం తప్పనిసరి. విద్యుత్‌తో నడిచే బొమ్మలకు ప్రత్యేక ప్రమాణం ఉంది. సెల్ పెట్టె మూత, లోపలి తీగల అమరిక వంటివి అందులో పరీక్షకు వస్తాయి. విప్పి మార్చిన బొమ్మ ఆ పరీక్షకు నిలిచిన బొమ్మ కాదు. ముఖ్యంగా బటన్ సెల్ మింగితే చిన్నపిల్లల గొంతులో తీవ్రమైన కాలిన పుండ్లు పడతాయి. అందువల్ల వంచిన బొమ్మను మళ్లీ చిన్నపిల్లల చేతికి ఇవ్వడం సరికాదు. అది అప్పటినుంచీ పెద్దవారి వాద్యం.

వ్యర్థాలు తగ్గుతాయా

ఈ కళను సమర్థించేవారు ఎలక్ట్రానిక్ వ్యర్థాల సమస్యను తరచూ ప్రస్తావిస్తారు. ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైనది 22.3 శాతమే. ఆ రాశి ముందు వర్క్‌షాపుల్లో వంచే బొమ్మల బరువు లెక్కలోకి రాదు. భారత ప్రభుత్వం 2022లో ప్రకటించిన ఈ-వ్యర్థాల నిబంధనలు బొమ్మలను కూడా తమ పరిధిలోకి తెచ్చి, సేకరణ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. వ్యర్థాలు తగ్గాలంటే అలాంటి ఏర్పాటే పెద్ద ఎత్తున పనిచేయాలి. సర్క్యూట్ బెండింగ్ తెచ్చే మార్పు మరో రకానిది. మూత విప్పి చూసిన మనిషి ఆ తర్వాత పాడైన వస్తువును పారేసే ముందు ఒకసారి లోపలికి తొంగిచూస్తాడు.

దారి ఎటు మళ్లుతోంది

బొమ్మ లోపలి దారులు మూసుకోవడంతో కళాకారులు రెండు వైపులకు జరిగారు. మొదటిది, బొమ్మ పలుకును వంచడం మాని, బొమ్మ ఒంటినే వాద్యంలో భాగం చేయడం. 1998లో మార్కెట్‌లోకి వచ్చిన ఫర్బీ బొమ్మలను 44 తీసుకుని, బ్రిటన్‌కు చెందిన సామ్ బ్యాటిల్ 2018లో ఒక ఆర్గాన్ కట్టారు. మెట్టు నొక్కితే ఒక్కో బొమ్మ నోరు తెరిచి స్వరం పలుకుతుంది. పోలండ్‌కు చెందిన పావెల్ జద్రోజ్‌న్యాక్ పాత ఫ్లాపీ డ్రైవుల మోటార్లను స్వరాల వేగంతో తిప్పి వాద్యబృందం కూర్చారు. 2016లో 64 డ్రైవులతో ఉన్న ఆ సాధనం 2022 నాటికి 512 డ్రైవులకు పెరిగింది. జపాన్‌లో ఎయ్ వాడా పాత పిక్చర్ ట్యూబ్ టీవీలను, ఫ్యాన్లను, బార్‌కోడ్ స్కానర్లను వేదిక మీద వాయిస్తున్నారు. ఈ మూడింటిలోనూ కొత్త నియంత్రణ సర్క్యూట్‌ను మనిషి ఆలోచించి కట్టాడు. యాదృచ్ఛికతకు చోటు తగ్గి, రూపకల్పనకు చోటు పెరిగింది.

రెండోది, మొదటి నుంచి సర్క్యూట్ కట్టుకోవడం. చికాగో కళాశాలలో బోధించిన నికొలస్ కాలిన్స్ 2006లో వెలువరించిన పాఠ్యగ్రంథం ఈ దారికి బలం చేకూర్చింది. 40106 అనే చిప్‌లో ఆరు ఇన్వర్టర్లు, అంటే సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పే భాగాలు ఉంటాయి. ఒక్కోదానికి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ తగిలిస్తే ఆరు వేర్వేరు స్వరాలు పలుకుతాయి. రెసిస్టర్ స్థానంలో, వెలుతురును బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్ పెడితే, దాని మీద చేయి నీడ పడినప్పుడల్లా స్వరం దిగుతుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ భాగాలన్నీ విడిగా దొరుకుతాయి. 9 వోల్టుల బ్యాటరీ, భాగాలను గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు, చిన్న స్పీకర్‌తో కూడిన యాంప్లిఫయర్ ఉంటే సోల్డరింగ్ కూడా అవసరం లేదు. స్పీక్ అండ్ స్పెల్ క్లాక్‌లో ఎవరో వేలుపెట్టి కనుగొన్న సూత్రమే ఇక్కడా నడుస్తుంది. తేడా ఒక్కటే. ఆ రెసిస్టర్ ఎక్కడుందో వెతకాల్సిన పని ఉండదు, దాన్ని అక్కడ పెట్టింది వాయించేవారే.